కృష్ణబిలాల వార్తల్లో అసలు సంగతి రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కృష్ణబిలాల (కాంతి కూడా తప్పించుకోలేనంత గురుత్వమున్న బ్లాక్ హోల్స్) నుంచి అంతులేని కరెంటు వస్తుందన్న తరహా శీర్షికలు పత్రికల్లో తరచూ కనిపిస్తున్నాయి. సైన్స్‌కు చోటిస్తున్నందుకు సంతోషమే గానీ, ఆ మాట పాఠకులను తప్పుదారి పట్టిస్తుంది. కృష్ణబిలం తన చుట్టూ తాను తిరుగుతుంటేనే దాని నుంచి ఇలా శక్తి రాబట్టగలం. రాబట్టినకొద్దీ ఆ తిరుగుడు మందగిస్తుంది. గరిష్ఠ వేగంతో తిరిగేదాని నుంచైనా, సిద్ధాంతరీత్యా, దాని ద్రవ్యరాశిలో 29 శాతానికి సమానమైన శక్తి మించి రాదు. మనకు తెలిసినవాటిలో బాగా దగ్గరిదే సుమారు 1,560 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కరెంటు మాట అక్కడితో సరి.

నిజంగా చెప్పుకోవాల్సిన కథ వేరే ఉంది. తిరిగే కృష్ణబిలం నుంచి శక్తి తీయవచ్చని 1969లో బ్రిటిష్ శాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ చెప్పారు. 1971లో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త యాకోవ్ జెల్డోవిచ్ ఆ ఆలోచనను తరంగాలకు అన్వయించారు. మామూలుగా తరంగాలను పీల్చేసుకునే వస్తువు, తన మీద పడే మెలితిరిగిన తరంగం కన్నా వేగంగా తిరిగితే, పీల్చుకోవడం మాని తన శక్తినే దానికి ఇస్తుందన్నారు. కృష్ణబిలం విషయంలో ఈ పెంపు కాంతి తరంగాలకు 4.4 శాతం, గురుత్వ తరంగాలకు (స్థలకాలంలో పుట్టే అలలకు) ఏకంగా 138 శాతం దాకా ఉండవచ్చని తర్వాత లెక్కగట్టారు.

దీన్ని 2020లో గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు శబ్దంతో పరీక్షించారు. గుండ్రంగా అమర్చిన స్పీకర్లతో శబ్దాన్ని మెలితిప్పి, తిరుగుతున్న ఫోమ్ బిళ్ల మీదికి పంపారు. ఫోమ్ చప్పుడును మింగేస్తుందని అందరికీ తెలుసు. బిళ్ల వేగం పెంచుతుంటే మైక్రోఫోన్లకు అందే శబ్దం శ్రుతి అంతకంతకూ దిగిపోయి, వినిపించనంత కిందికి చేరి, మళ్లీ పైకి లేచింది. అప్పుడు చూస్తే ఆ శబ్దం స్పీకర్ల నుంచి బయల్దేరినప్పటి కన్నా 30 శాతం దాకా బిగ్గరగా ఉంది! ఆ అదనపు శక్తి బిళ్లను తిప్పే మోటారుదే. నక్షత్రాల మధ్య జరుగుతుందని ఊహించిన వ్యవహారం ఒక బల్ల మీద రుజువైందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. 2024లో తిరిగే అల్యూమినియం స్తూపంతో విద్యుదయస్కాంత క్షేత్రాల విషయంలోనూ ఇది నిజమని తేలింది.

ఇంత చక్కటి పనిని కరెంటు ఆశతో ముడిపెడితే, ఆ కరెంటు రానప్పుడు ఇలాంటి పరిశోధనలన్నీ దండగ ఖర్చేనని జనం అనుకుంటారు. మౌలిక శాస్త్రానికి ప్రజల సొమ్ము కేటాయించేటప్పుడు ఆ అభిప్రాయం చాలా చేటు చేస్తుంది. కాబట్టి ఇకపై ఇలాంటి వార్త వేసినప్పుడు శక్తి ఎక్కడి నుంచి వస్తోందో, ప్రయోగం ఎలా చేశారో నాలుగు వాక్యాలైనా రాయించండి. వీలైతే పరికరం బొమ్మ కూడా వేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు