సూళ్లూరుపేట అడ్రసుకు నాయిన రాసిన ఉత్తరం

కొల్లాపూర్,
జనవరి 22

బిడ్డా స్వప్నా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మ మోకాలు కొంచెం నయం. తోటలో పూత బాగానే వచ్చింది, కాకపోతే తేనెమంచు పురుగు కనపడితే మందు కొట్టించాను. పండక్కి నువ్వు రాలేదని చిన్నత్త ఇంకా సణుగుతూనే ఉంది. నీ వాటా అరిసెలు డబ్బాలో అట్లనే ఉన్నాయి.

ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కాలువలో పడవ వేసుకొని బయల్దేరినదానివి, ఎట్లాగూ సూళ్లూరుపేటలో సుజాత వాళ్లింటికి వస్తావు కదా, అక్కడ నీకిస్తుంది. టెన్షన్ పడి రాస్తున్నానని అనుకోకు. ఊరికే కూర్చున్నా, రాయబుద్ధయింది.

నిన్న బస్టాండ్ కాడ చాయ్ తాగుతుంటే వెంకటయ్య కొడుకు, "కాకా, పెన్నా కాడ మీ బిడ్డ పడవ బోల్తా పడ్డదంట కదా" అన్నాడు. ఎవరు చెప్పారురా అంటే ఎవరిదో స్టేటస్‌లో చూశాడట. అట్లాంటిదేం లేదు, రాత్రే మాట్లాడింది అని చెప్పి చాయ్ పైసలిచ్చి వచ్చేశాను. ఇంట్లో చెప్పలేదు. ఊళ్లో జనాలకు పనేముంది, ఏదో ఒకటి అంటుంటారు. అందుకని ఆ సంగతి అడగడం లేదు.

నువ్వు పోయే బకింగ్‌హాం కాలువ గురించి చదివాను. 1806లో ఒక దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించడం మొదలుపెడితే, తర్వాత సర్కారు పెద్దగంజాం దాకా పెంచిందట. 1877-78లో కరువు పని కింద మద్రాసు ఊళ్లో అయిదు మైళ్ల ముక్క తవ్వించి అటు కాలువనూ ఇటు కాలువనూ కలిపారు. పేరు మాత్రం గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం డ్యూకుది. తవ్వినోళ్ల పేర్లు ఎవరు రాస్తారు? కరువు పని అంటే ఏందో పాలమూరోళ్లకు వేరే చెప్పాలా, మీ తాత సాగర్ కట్ట మీద రాళ్లు మోసినోడే.

ఇంకో ముచ్చట. మన సోమశిల ముందు నుంచి పోయే కృష్ణ నీళ్లే బెజవాడ బ్యారేజీ దాటి కొమ్మమూరు కాలువ పట్టుకొని పెద్దగంజాం దాకా వస్తాయి. నువ్వు పడవ దింపింది మన నీళ్లలోనే అని మీ అమ్మ సంబరపడింది. అక్కడి నుంచి కిందికి అంతా ఉప్పు నీళ్లేనని నేను అనలేదు.

నా నౌకరంతా కాలువ కట్టల మీదనే గడిచింది కదా, ఒక్క మాట చెప్తాను. మన కాలువలో నీళ్లు ఎటు పోతాయో నిద్రలో లేపి అడిగినా చెప్పొచ్చు. అక్కడ అట్లా కాదు, సముద్రం పోటుకు ఒక దిక్కు, పోటు తీసేటప్పుడు ఇంకో దిక్కు. కాలువ పోయి నదిలో కలిసే చోట నీళ్లు తీస్తుంటే చిన్న పడవను మొగ దిక్కు, అంటే సముద్రం దిక్కు, లాగేస్తాయి. పెన్నా దాటినా, స్వర్ణముఖి దాటినా పోటు ఎక్కేటప్పుడే దాటాలి, ఎక్కడి పోటు ఎప్పుడో అక్కడి బెస్తోళ్లనే అడగాలి. నెట్‌లో చూసుకుంటా అంటావు. చూసుకో, అడుగు కూడా. పెన్నా నువ్వు ఏ వేళకు దాటావు?

నర్సింహులు మామ పెళ్లి సంగతి నీకెప్పుడన్నా చెప్పానా? ప్రాజెక్టు నీళ్లు ఇంకా రాని రోజులు. పెళ్లికూతురిది అవతలి ఒడ్డు, సిద్ధేశ్వరం దిక్కు. పెళ్లోళ్లమంతా బాలయ్య తాత పుట్టిలో ఎక్కాం. వెదురు బద్దల అల్లిక, కింద తారు పూత, ఎండకు తారు కరిగి నా కొత్త లాగుకు అంటింది, దానికి మీ నాయనమ్మ చేత తిట్లు తిన్నాను. బియ్యం మూట, బిందెలు, ఒక మేకపిల్ల, మేము. నది నడిమికి పోయాక మేకపిల్ల బెదిరి బియ్యం మూట మీదికెక్కింది. దాన్ని పట్టుకుందామని నర్సింహులు మామ లేచి నిలబడ్డాడు, ఆయన్ని పట్టుకుందామని ఇంకో ఇద్దరు లేచారు. పుట్టి ఒక పక్కకు ఒరిగింది, నా ఒళ్లోకి నీళ్లొచ్చాయి. బాలయ్య తాత తెడ్డు వదల్లేదు, అరవలేదు. ఎడమచేత్తో పెళ్లికొడుకు చెంప మీద ఒక్కటిచ్చాడు. బాసికం ఊడి నీళ్లలో పడ్డది. ఆయన కూలబడ్డాడు, ఆయన్ని చూసి మిగిలిన వాళ్లూ కూర్చున్నారు. అవతలి ఒడ్డుకు పోయాక చెంప మీద వేళ్ల అచ్చులు చూసి పెళ్లికూతురి మేనమామ, "మా పిల్లనిచ్చేటోనికి ఇదేం మర్యాద" అని గొడవకు దిగాడు. అందరి కంటే ముందు అన్నానికి కూర్చున్నది బాలయ్య తాతే. మామ చాన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు.

నీ పడవలో నువ్వు లేచి నిలబడితే కొట్టడానికి ఎవరున్నారు? అది ఆలోచిస్తేనే నాకు... సరే, వద్దు.

యూట్యూబ్‌లో చూశాను. పడవలోకి నీళ్లు రాకుండా నడుముకు బిగించుకునే ఆ స్కర్టు లాంటి గుడ్డకు ముందర పట్టుకుని లాగే కొస ఉంటుందట, అది ఎప్పుడూ బయటికే ఉండాలట. లోపలికి మడత పడితే తలకిందులైనప్పుడు చేతికి దొరకదు. ఎక్కిన ప్రతిసారీ చూసుకో. లైఫ్ జాకెట్ ఉక్కపోస్తుందని విప్పకు. ఉక్కపోతకు ఎవరూ చావలేదు. ఉద్యోగానికి సెలవే పెట్టావా, మానేశావా? మానేసినా మానేశానని చెప్పు. నీ ఇష్టం.

పులికాట్ పొద్దున్నే దాటు, గాలి లేచాక దిగకు. లోతు తక్కువని దిగి పడవ లాగబోకు, బురద. శ్రీహరికోట దిక్కు రాకెట్లు వదిలే షార్ హద్దుంది, అటు పోకు, ఫొటోలూ తీయకు. ఫ్లెమింగోలను దూరం నుంచి చూసినా కనపడతాయి. సుజాత కాడ రెండు రోజులుండి, తలకు నూనె పెట్టించుకుని, కడుపు నిండా తిను.

నీ ఖాతాలో పైసలు వేశాను. ఇంకో టార్చి కొనుక్కో, మంచిది కొను. ఫోన్ నాకే చెయ్యి, అమ్మకు తర్వాత చేద్దువు. పడవ బోల్తా పడితే పడ్డదని చెప్పు, తిట్టను.

పైలం బిడ్డా.

నాయిన