తిరగేసిన మాటకు వేరే ఋజువు కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

ప్రజలకు సంబంధించిన ఏ విషయం మీద చర్చ జరిగినా, ఎదుటివారు తేల్చిన సంగతి మనకు నచ్చిందా లేదా అన్నదాన్ని బట్టే వారి వాదం బాగుందో లేదో నిర్ణయించేసుకుంటున్నాం. నచ్చితే ఆ వాదంలో ఎంత పెద్ద గండి ఉన్నా పట్టించుకోం, నచ్చకపోతే ఎంత పకడ్బందీగా చెప్పినా అందులో ఏదో ఒక లొసుగు కోసం వెతుకుతాం. చూపిన ఆధారాల నుంచి ఆ నిర్ణయం నిజంగా వస్తుందా అని అడగడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. అయినా ఆ ఒక్క ప్రశ్నా మన బహిరంగ చర్చల్లో వినపడడం లేదన్న బాధతోనే ఈ లేఖ రాస్తున్నాను.

నేను గమనించినంతలో, తరచుగా కనపడేదీ ఎక్కువ హాని చేసేదీ ఒకే పొరపాటు. 'ఇది ఉంటే అది ఉంటుంది' అన్న మాటను 'అది ఉంది కాబట్టి ఇది కూడా ఉంది' అని తిరగేసుకోవడమే అది. తప్పు చేసినవాడు తడబడతాడు, ఇతడు తడబడ్డాడు, కాబట్టి ఇతడే తప్పు చేశాడు. లంచం కావాలనుకునే అధికారి ఫైలు ఆపుతాడు, ఫైలు ఆగింది, కాబట్టి అక్కడ లంచం నడుస్తోంది. ఇందులో మొదటి రెండు మాటలూ నిజమే కావచ్చు. అయినా మూడవది వాటి నుంచి రాదు, ఎందుకంటే మనిషి తడబడడానికి భయం ఒక్కటే చాలు, ఫైలు ఆగడానికి ఒక కాగితం తక్కువైనా చాలు.

మన తార్కికులు ఈ సంగతిని ఏనాడో తేటగా చెప్పారు. పొగను చూసి నిప్పు ఉందని ఊహించవచ్చు గాని, నిప్పును చూసి పొగ ఉందని ఊహించకూడదన్నారు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు; పొగ రావాలంటే ఆ నిప్పుకు పచ్చి కట్టె తోడు కావాలి. పైకి చెప్పకుండా వదిలేసిన ఇటువంటి షరతును వారు ఉపాధి అన్నారు. తిరగేసిన మాట నిలబడాలంటే ఆ షరతు ఇక్కడ ఉందా లేదా అన్నది విడిగా చూడాలి. ఎవరి మీదైనా పుకారు లేచినప్పుడు 'నిప్పు లేనిదే పొగ రాదు' అని చాలామంది అంటారు. పొగ విషయంలో ఆ మాట సరైనదే. కాని పుకారును పొగతో సమానం చేసేముందు, నిజం లేనిచోట పుకారు పుట్టదని చూపించాలి కదా! అది ఎవరూ చూపించలేరు.

ఈ పొరపాటు చదువు లేకపోవడం వల్ల వచ్చేది కాదు. పీటర్ వాసన్ అనే ఆంగ్ల మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో ప్రచురించిన ఒక చిన్న పరీక్షను మన అక్షరాలతో చెబుతాను. బల్ల మీద నాలుగు కార్డులు ఉన్నాయి. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె ఉంటాయి. పైకి కనపడుతున్నవి అ, క, 4, 7. ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలన్నది నియమం. ఈ నియమం తప్పిందో లేదో తెలుసుకోవడానికి ఏయే కార్డులు తిప్పి చూడాలి? ఎక్కువమంది 'అ' ఒక్కటే అంటారు, లేదా 'అ', '4' అంటారు. నిజానికి 4 వెనక హల్లు ఉన్నా నియమానికి వచ్చిన నష్టమేమీ లేదు, ఎందుకంటే సరిసంఖ్య వెనక అచ్చే ఉండాలని నియమం చెప్పలేదు. తిప్పవలసినవి 'అ', '7'. 7 వెనక అచ్చు కనపడితే నియమం అక్కడికక్కడే కూలిపోతుంది. విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో కూడా దీనికి సరైన జవాబు చెప్పగలిగినవారు చాలా కొద్దిమందే.

ఇందులో నాకు ఆశ కలిగించే విషయం కూడా ఒకటుంది. 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే పరిశోధకులు ఇదే పరీక్షను అమెరికాలోని ఫ్లోరిడా విద్యార్థులకు మరో రూపంలో ఇచ్చారు. బీరు తాగుతున్న మనిషి వయసు 19 దాటి ఉండాలన్నది నియమం. ఒకరు బీరు తాగుతున్నారు, ఒకరు కోక్ తాగుతున్నారు, ఒకరి వయసు 16, ఒకరి వయసు 22. ఎవరిని తనిఖీ చేయాలి? దాదాపు నాలుగింట మూడు వంతుల మంది బీరు తాగేవారినీ 16 ఏళ్లవారినీ చూడాలని సరిగ్గా చెప్పారు. రెండు పరీక్షల తర్కమూ ఒక్కటే. అంటే ఆ శక్తి మనలో లేక కాదు. ఎవరైనా నియమం తప్పుతున్నారా అని చూసేటప్పుడు చురుకుగా పనిచేసే బుద్ధి, మనం నమ్మదలచుకున్న మాటను పరీక్షించవలసి వచ్చినప్పుడు పక్కకు తప్పుకుంటోంది.

ఆ తప్పుకోవడం వల్ల మనుషుల బతుకులే తలకిందులయ్యాయి. ఇంగ్లండులో సాలీ క్లార్క్ అనే న్యాయవాది ఇద్దరు పసిబిడ్డలు 1996లో ఒకరు, 1998లో ఒకరు హఠాత్తుగా మరణించారు. ఆమే చంపిందని 1999లో జీవిత ఖైదు విధించారు. అటువంటి కుటుంబంలో ఒక బిడ్డ కారణం తెలియకుండా నిద్రలో చనిపోయే అవకాశం 8,543లో ఒకటని, ఇద్దరూ అలా పోయే అవకాశం దాన్ని దానితోనే హెచ్చవేస్తే సుమారు 7.3 కోట్లలో ఒకటని ఒక పిల్లల వైద్య నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. ఒకే తల్లి కడుపున పుట్టి ఒకే ఇంట్లో పెరిగిన బిడ్డల మరణాలను ఒకదానితో ఒకటి సంబంధం లేనివన్నట్టు హెచ్చవేయడం మొదటి తప్పు. రెండవది ఇంకా లోతైనది. నిర్దోషి ఇంట్లో ఇలా జరగడం అరుదు అన్న మాటను, ఇలా జరిగిన ఇంట్లో తల్లి నిర్దోషి కావడం అరుదు అన్నట్టుగా వినడం. తల్లి ఇద్దరు బిడ్డలనూ చంపడం కూడా అరుదైన సంగతి కాదా, ఆ రెండింటిలో ఏది మరింత అరుదు అని అడిగి ఉండవలసింది. లండన్‌లోని గణాంక నిపుణుల సంఘమైన రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో ఈ లెక్క మీద బహిరంగంగా అభ్యంతరం తెలిపింది. 2003లో రెండవ అప్పీలులో శిక్ష రద్దయింది. బయటపెట్టకుండా ఉంచిన వైద్య పరీక్షల ఫలితాలే అందుకు ప్రధాన కారణమైనా, ఆ అంకెను జ్యూరీ ముందు పెట్టి ఉండకూడదని న్యాయమూర్తులు కూడా భావించారు. ఆమె 2007లో చనిపోయారు.

అదే తిరగేత రోజూ శాతాల రూపంలో మన ముందుకు వస్తుంది. ఆసుపత్రిలో చేరినవారిలో ఎక్కువమంది టీకా వేయించుకున్నవారేనని, కాబట్టి టీకా వల్ల ప్రయోజనం లేదని ఎవరో అంటారు. ఉదాహరణకు వెయ్యి మందిని తీసుకుందాం. అందులో 900 మంది టీకా వేయించుకున్నారు, 100 మంది వేయించుకోలేదు. మొదటివారిలో 18 మంది, రెండవవారిలో 10 మంది ఆసుపత్రిలో చేరారనుకుందాం. చేరిన 28 మందిలో 18 మంది టీకా వేయించుకున్నవారే, ఆ మాట నిజమే. కాని టీకా వేయించుకున్నవారిలో చేరినవారు నూటికి ఇద్దరు, వేయించుకోనివారిలో నూటికి పదిమంది. చేరినవారిలో టీకా వేయించుకున్నవారెంతమంది అన్న ప్రశ్న వేరు, టీకా వేయించుకున్నవారిలో చేరినవారెంతమంది అన్న ప్రశ్న వేరు. మనకు కావలసింది రెండవది. మన చేతికి అందుతున్నది చాలాసార్లు మొదటిదే.

మాట అన్నవాడి మీద పడి మాటను వదిలేయడం, ఒకదాని తర్వాత మరొకటి జరిగితే దానివల్లే ఇది జరిగిందనడం వంటి లోపాలను పాఠకులు ఇప్పటికే చాలావరకు గుర్తుపడుతున్నారు కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను. అయితే కంటితో చూశానని ఒకరు సాక్ష్యం చెప్పినప్పుడు, ఆ మనిషి నమ్మదగినవాడా అని అడగడం న్యాయమే. అతడు సాక్ష్యం కాక వాదం వినిపిస్తున్నప్పుడు మాత్రం ఆ ప్రశ్నకు చోటు లేదు, ఆ వాదం ఎవరి నోట వచ్చినా దాని బలం అంతే. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఎదుటివారి వాదంలో తప్పు పట్టుకున్నంత మాత్రాన వారు తేల్చిన సంగతి అబద్ధమని నిరూపించినట్టు కాదు. చెడ్డ దారిలో నడిచినవాడు కూడా సరైన ఊరికే చేరి ఉండవచ్చు. ఈ తేడాను మరిచినవారి చేతిలో తర్కం సత్యాన్ని వెతికే సాధనం కాకుండా ఎదుటివారి నోరు మూయించే ఆయుధమైపోతుంది. గెలవడమే పనిగా పెట్టుకున్న వాదాన్ని మన ప్రాచీన తర్కగ్రంథమైన న్యాయసూత్రాలు జల్పమనీ, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటి పక్షాన్ని ఖండించడాన్ని వితండమనీ వేరుచేసి చెప్పాయి. నిజం తేల్చుకోవడానికి చేసేదానికి మాత్రమే వాదమన్న పేరు ఇచ్చాయి.

దీన్ని నేర్పడానికి కొత్త పాఠ్యపుస్తకాలు అక్కర్లేదని నా అభిప్రాయం. లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానమని ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' గ్రంథం మొదటి భాగంలో 47వ ప్రతిపాదనగా నిరూపించాడు. అలా సమానమైతే ఆ త్రిభుజంలో లంబకోణం ఉంటుందన్న విపర్యయాన్ని మాత్రం దానితోపాటే వచ్చేసిందని వదిలేయకుండా, 48వ ప్రతిపాదనగా విడిగా నిరూపించాడు. ఈ రెండూ పిల్లలు బడిలో చదువుతూనే ఉన్నారు. విపర్యయానికి వేరే ఋజువు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పి, ఆ వెంటనే ఆనాటి పత్రికలోని ఒక వాదాన్ని తరగతిలో చదివించి, అందులో ఎవరైనా మాటను తిరగేశారేమో చూడమని ఉపాధ్యాయులు అడిగితే అదే మంచి తర్కపాఠం అవుతుంది.

మీ పత్రికకు నా విన్నపాలు రెండు. శాతం వేసిన ప్రతిచోటా అది ఎంతమందిలో ఎంతమందికి సంబంధించినదో అదే వాక్యంలో ఇవ్వండి. పాఠకుల లేఖల్లో ఒక వాదానికి జవాబుగా వచ్చినదాన్ని ప్రచురించేటప్పుడు, ఆ జవాబు అసలు వాదంలోని ఏ మెట్టును కాదంటోందో రాసినవారి చేతే ఒక వాక్యంలో చెప్పించండి. ఆ వాక్యం రాయలేకపోయినవారి లేఖను, అందులోని అభిప్రాయం మీకు ఎంత నచ్చినా, పక్కన పెట్టండి. ఈ లేఖకూ అదే కొలత వర్తింపజేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు