గుత్తిలో ఉన్న మిత్రునికి

హైదరాబాద్,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేకపోయినందుకు క్షమించు. ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాము. అమ్మకు మోకాళ్ళ నొప్పులు కొంత తగ్గాయి, పెద్దవాడికి పరీక్షలు దగ్గరపడ్డాయి, ఆఫీసులో రీసర్వే పనితో ఊపిరి సలపడం లేదు. మిగిలిన కబుర్లన్నీ మరోసారి తీరికగా రాస్తాను. ఈ ఉత్తరం మాత్రం ఒక్క మనిషి కోసం రాస్తున్నాను, ఆ మనిషి పేరు విలియం లాంబ్టన్, రెండు వందల ఏళ్ళ కిందట మన దేశాన్ని కొలిచిన సర్వేయరు.

సర్వే శిక్షణ రోజుల్లో మన డిగ్రీల మాస్టారు ఈ పేరును ఒక్క వాక్యంలో దాటించి నేరుగా ఆయన తరువాతివాడైన జార్జ్ ఎవరెస్టు దగ్గరికి వెళ్ళిపోయారు, గుర్తుందా? నెల రోజులుగా రాత్రిళ్ళు ఆయన జీవితం గురించి చదువుతున్నాను. ముందుగా నీకు చెప్పవలసింది ఇది: 1811లో ఆయన మీ గుత్తి దగ్గర బేస్‌లైన్, అంటే సర్వే లెక్కలన్నిటికీ పునాదిగా నేల మీద గొలుసుతో కొలిచే గీత, కొలిచారు! నువ్వు చిన్నప్పుడు గాలిపటాలు ఎగరేసిన ఆ మైదానాల్లోనే ఎక్కడో ఆయన గొలుసు పరిచి ఉంటారు. కోట మీద నుంచి చూస్తే ఆ గీత ఎటు పోయి ఉంటుందో నువ్వే ఊహించి రాయాలి. ఈ విషయం తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆయన ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టారు. పుట్టిన సంవత్సరం 1753 అని కొందరు, 1756 అని కొందరు అంటారు. సైన్యంలో చేరి, ఉత్తర అమెరికాలో ఏళ్ళ తరబడి భూములు కొలిచి, అక్కడే గ్రహణం చూస్తూ ఒక కంటి చూపు పోగొట్టుకున్నారు. 1799లో టిప్పు సుల్తాను మీద జరిగిన యుద్ధంలో, చీకట్లో నడుస్తున్న దండు దారి తప్పి శత్రువు వైపే పోతున్నదని నక్షత్రాలను చూసి చెప్పింది ఆయనేనట. సేనాని నమ్మకపోతే మిణుగురు పురుగు వెలుతురులో దిక్సూచి చూసి నిర్ధారించారని చెబుతారు. అసలు పని మొదలయ్యేనాటికి ఆయన వయసు యాభైకి దగ్గరపడింది. ఆ వయసులో మనిషి సాధారణంగా పింఛను లెక్కలు వేసుకుంటాడు. ఆయన భూమి ఆకారాన్ని కొలవడానికి బయలుదేరారు.

1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర వంద అడుగుల ఉక్కు గొలుసుతో మొదటి బేస్‌లైన్ మొదలుపెట్టారు. సుమారు ఏడున్నర మైళ్ళ దూరానికి ఆ గొలుసును నాలుగు వందల సార్లు పరచవలసి వచ్చింది. ఎండకు ఉక్కు సాగుతుంది కాబట్టి గొలుసును పెట్టెల్లో ఉంచి, పక్కన థర్మామీటర్లు పెట్టి, ప్రతిసారీ వేడిని లెక్కలోకి తీసుకున్నారు. ఆ తరువాత గీత రెండు చివరల నుంచి కోణాలు కొలిచి, త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకుంటూ పశ్చిమ తీరం దాకా వెళ్ళేసరికి, నాలుగు వందల మైళ్ళనుకున్న ద్వీపకల్పం వెడల్పు మూడు వందల అరవై మైళ్ళే అని తేలింది. నలభై మైళ్ళ నేల పటాల్లో అదనంగా ఉండిపోయిందన్న మాట. ఉప్పల్‌లో శిక్షణప్పుడు మనం ఒక్క అడుగు తేడా వస్తేనే మేక మీదికి నెట్టేశాం కదా! (ఆ మేక సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు.)

ఇక నా మనసు నిండా ఉన్న ఘట్టానికి వస్తాను. కోణాలు కొలిచే ఆయన యంత్రం, థియోడలైట్, లండన్‌లో విలియం కేరీ చేసినది. బరువు అర టన్ను, దాని వృత్తం మూడడుగుల వ్యాసం. వస్తూ వస్తూ ఫ్రెంచివారి చేతికి చిక్కి, మారిషస్ చేరి, వారి మర్యాద వల్ల మళ్ళీ మద్రాసుకు వచ్చింది. 1808లో పని తంజావూరు చేరింది. కావేరి డెల్టా అంతా బల్లపరుపు, ఎటు చూసినా కొబ్బరిచెట్లు. చూపు సాగడానికి కొండ లేదు కాబట్టి గుడి గోపురాలనే యంత్రం పెట్టి చూసే స్టేషన్లుగా చేసుకున్నారు. పెద్ద గుడి విమానగోపురం మీదికి యంత్రాన్ని తాళ్ళతో లాగుతుండగా, పక్కకు పట్టి ఉంచిన తాడు తెగింది. యంత్రం గోడకు బలంగా కొట్టుకుంది. వృత్తం వంకరపోయింది.

మిత్రమా, దీని అర్థం నీకు నేను వివరించనక్కర లేదు. వృత్తం వంకరపోతే దాని మీద చదివే ఏ కోణమూ నిజం కాదు, అటువంటి యంత్రం ఈ దేశంలో మరొకటి లేదు. మరొకరైతే సముద్రం అవతలి నుంచి కొత్తది వచ్చేదాకా పని ఆపేవారు. లాంబ్టన్ గారు గుడారంలోకి వెళ్ళి, కొద్దిమంది పనివాళ్ళను తప్ప ఎవరినీ లోపలికి రానివ్వలేదు. యంత్రాన్ని పూర్తిగా విప్పి, ఒక పెద్ద చదునైన పలక మీద సరిగ్గా కావలసిన కొలతతో వృత్తం కోసి, చీలలతో, మరలతో, కప్పీలతో ఆ లోహపు అంచును కొద్దికొద్దిగా లాగుతూ దానిలో ఇమిడేటట్టు చేశారు. వృత్తం లోపల వంగిన ఆకులను, అంటే చువ్వలను, చిన్న కొయ్య సుత్తులతో తట్టి సరిచేశారు. మా తాతగారి ఊళ్ళో వడ్రంగి బండి చక్రానికి ఇనుపపట్టా బిగించడం చూసినవాడిని కాబట్టి ఆ ఓర్పు నాకు కళ్ళకు కట్టింది. అయితే ఇక్కడ వెంట్రుకవాసి తేడా కూడా పనికిరాదు. ఆరు వారాల్లో యంత్రం దాదాపు పూర్వరూపానికి వచ్చింది. ఆయన పోయాక ఎవరెస్టు ఈ సర్వేను మధ్య భారతంలోని సిరోంజ్ దాకా నడిపింది కూడా ఆ యంత్రంతోనే! ఆ ఆరు వారాల రాత్రులు ఆయన ఏమనుకొని ఉంటారో... నాకైతే కళ్ళు చెమర్చాయి.

ఆ తరువాత కన్యాకుమారి దగ్గర నుంచి మీ గుత్తి, 1815లో బీదర్ ప్రాంతం, చివరికి మన హైదరాబాదు. 1818లో ఈ పనికి గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే (మహా త్రికోణమితి సర్వే) అన్న పేరు వచ్చింది. ఎవరెస్టు సహాయకుడిగా చేరింది ఇక్కడే. కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో జ్వరం వచ్చి ఎవరెస్టు దాదాపు ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. ముసలి లాంబ్టన్ యంత్రం సరిచేయడానికి లేచి నిలబడితే వయసంతా రాలిపోయినట్టు ఉండేదని రాసింది ఎవరెస్టే. శిఖరం ఆయన పేరిట ఉంది, ఉండనీ. కానీ మాస్టారు ఒక్క వాక్యంతో సరిపెట్టవలసిన మనిషి కాదు ఈయన.

1823 జనవరి 20న, నాగపూర్ వెళుతూ హింగన్‌ఘాట్ దగ్గర దారిలోనే కన్నుమూశారు. సమాధి అక్కడే ఉంది. కాజీపేట నుంచి నాగపూర్ వెళ్ళే రైలుమార్గంలోనే ఆ ఊరు వస్తుంది. జనవరిలో నువ్వు ఇక్కడికి వస్తే ఇద్దరం కలిసి వెళదాం. సెలవు దొరుకుతుందో లేదో వెంటనే రాయి. టికెట్లు నేను చూస్తాను. గుత్తి బేస్‌లైన్ రెండు చివరలు ఎక్కడో మీ ఊళ్ళో పెద్దవాళ్ళెవరికైనా తెలుసేమో అడుగు, రాయి గానీ దిమ్మె గానీ ఏదైనా మిగిలి ఉంటే... పెద్దవాడు స్కూటరు తీసి పిలుస్తున్నాడు, పోస్టు వాడి చేతికే ఇవ్వాలి. ఉంటాను.

నీ
ఉప్పల్ మిత్రుడు