అమ్మ కార్డుల సంగతి

ఒరేయ్ మూర్తీ,

ఉత్తరం అందింది. అమ్మని గుండె డాక్టరుకి చూపిస్తున్నావు, అక్కడ ఆభా నంబరు అడిగారు, అదీ ఆరోగ్యశ్రీ ఒకటేనా అన్నావు. కాదురా. ఆరోగ్యశ్రీ వైద్యం ఖర్చు భరించే పథకం. ఆభా 14 అంకెల నంబరు మాత్రమే, దాంతో పైసా రాదు. తలో ఆసుపత్రిలో ఉన్న రిపోర్టులు ఒకే మనిషివని గుర్తుపట్టడానికి 2021 సెప్టెంబరులో దేశమంతటా తెచ్చారు. తప్పనిసరి కాదు. అయినా బీపీకో డాక్టరు, షుగరుకో డాక్టరు ఉన్న అమ్మకి చేయించమనే చెబుతాను. ఈ వ్యవస్థలో చేరిన ఆసుపత్రుల రిపోర్టులే కనిపిస్తాయి కాబట్టి పాత కాగితాల సంచీ మాత్రం పారేయకు.

అన్నిటికంటే ముందు ఆమె ఆధార్‌కి ఏ ఫోను నంబరు ఉందో చూడు, ఆధార్‌తో ఆభా చేసేటప్పుడు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. పెద్దవాళ్ళ దగ్గర పని ఆగిపోయేది ఇక్కడే. రీచార్జి లేక రద్దయిన నంబరుని 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అంటే ఆమె ఓటీపీలు ఎవరో తెలియని మనిషికి పోతాయి. ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళి నంబరు మార్పించు, ఈ ఒక్క మార్పుకి పత్రాలేవీ అడగరు. ఆ తర్వాత ఆభా నీ చేతులతో నువ్వే చెయ్యి. కౌంటర్లో ఎవరి నంబరో పెట్టనివ్వకు. పేరు, పుట్టిన సంవత్సరం, ఫోను నంబరు ఆసుపత్రి రికార్డులోనూ అలాగే ఉండాలి. అక్కడ 'లక్ష్మి', ఇక్కడ 'వెంకట లక్ష్మి' అయితే రిపోర్టులు జతపడకపోవచ్చు.

ఓపీ దగ్గర క్యూఆర్ స్కాన్ చేస్తే పేరు, వయసు, చిరునామాలాంటివే వెళ్తాయి, పాత రిపోర్టులు వెళ్ళవు. అవి కావాలంటే వాళ్ళు అనుమతి అడగాలి. ఆ అభ్యర్థన ఆభా యాప్‌లో వస్తుంది: ఎవరు, ఎందుకు, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్నాళ్ళు. ఒప్పుకునే ముందు తేదీలు కుదించు. గుండె డాక్టరుకి పదేళ్ళనాటి కంటి ఆపరేషన్ కాగితం ఎందుకు? తర్వాత అనుమతి వెనక్కి తీసుకోవచ్చు, అయితే అప్పటికే చూసేసింది చూసేసినట్టే. వాట్సాప్‌లో పంపిన రిపోర్టుకి ఈ కాపలా ఏదీ ఉండదని గుర్తుంచుకో.

ఆధార్ జిరాక్సు ఇచ్చేశానన్నావే, అక్కడే నాకు మనసు చివుక్కుమంది. ఇకమీదట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు, చివరి 4 అంకెలే కనిపిస్తాయి. డౌన్‌లోడ్ చేసుకున్న ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డు పేరులో మొదటి 4 ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. అమ్మని ఎరిగున్న ఎవరైనా ఊహించగలరు, కాబట్టి దానికి పాస్‌వర్డు ఉందిలే అని పూర్తి ఆధార్ ఫైలు ఎవరికీ పంపకు. నంబరే కావాలంటే ఆధార్ నంబరుకి బదులు వాడే 16 అంకెల వర్చువల్ ఐడీ ఇవ్వు, కొత్తది తీసుకోగానే పాతది చెల్లదు.

వేలిముద్ర సంగతి ఇంకా ముఖ్యం. 2018లో తెలంగాణలో భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేశారు. ఆధార్‌తో బ్యాంకు డబ్బు తీసే చోట ఓటీపీ ఉండదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు. మీ పొలం దస్తావేజు మీద అమ్మ వేలిముద్రలు ఉన్నాయి కదా! అందుకే ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టు. లాక్ ఉంటే రేషన్ షాపులో, 1వ తేదీ పింఛను దగ్గర వేలిముద్ర పడదు. అమ్మ కంగారుపడకుండా ముందే చెప్పు. ఆ సమయానికి తాత్కాలికంగా తెరిస్తే 10 నిమిషాల్లో తనంతట తానే మళ్ళీ లాక్ అవుతుంది. అందుకని పింఛను ఇచ్చేవాళ్ళు గుమ్మంలోకి వచ్చాకే తెరువు.

నెలకోసారి ఆధార్ వాడకం చరిత్ర చూడు, 6 నెలలది కనిపిస్తుంది. ఖాతాలో తెలియని విత్‌డ్రా ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి, బ్యాంకుకి 3 పని దినాల లోపల రాసివ్వు. ఆలస్యమైతే నష్టం మన నెత్తిన పడొచ్చు.

ఆమె ఫోను నంబరు తేలగానే రాయి. అమ్మని అడిగానని చెప్పు.

నీ
శేషు