ఈసారి మూడు రాత్రులూ ఒక్కచోటే మకాం

అందరికీ నమస్కారం. అక్టోబరు లాంగ్ వీకెండ్ క్యాంపింగ్ ట్రిప్‌లో ఒక పెద్ద మార్పు చేశాను. మిగతా డబ్బు కట్టకముందే మీకు అన్నీ తెలియాలని ఇది రాస్తున్నాను.

పోయిన ఈస్టర్‌కి మాతో వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మూడు రాత్రులు మూడు చోట్ల టెంట్లు వేశాం, మూడుసార్లు పీకాం. రెండోరోజు చీకటిపడ్డాక చినుకుల్లో మేకులు కొడుతుంటే పిల్లలు కార్లలో ఆకలికి ఏడ్చారు. ఎక్కువ చోట్లు చూపిస్తే ఎక్కువ సంతోషపడతారని ఆ ప్లాన్ వేసింది నేనే. మీ సెలవులో సగం సామాను కట్టడానికీ విప్పడానికీ పోయింది. తప్పు నాది, క్షమించండి.

అందుకే ఈసారి ఒక్కచోటే ఉంటాం. వొల్లెమై నేషనల్ పార్కులో, రైల్‌స్టోన్ ఊరు దాటాక వచ్చే గంగడీ. మ్యాపులో డన్స్ స్వాంప్ అని కూడా కనిపిస్తుంది. వెస్ట్ సిడ్నీ నుంచి మూడు గంటల పైనే పడుతుంది. చివర్లో కొంత మట్టిరోడ్డు. వాన లేకపోతే మామూలు కారు చాలు.

స్వాంప్ అన్న మాట విని బురదగుంట అనుకోకండి. 1920ల చివర్లో క్యాండోస్ సిమెంటు ఫ్యాక్టరీ నీళ్ల కోసం కడ్జిగాంగ్ నదికి చిన్న ఆనకట్ట కట్టారు. దాని వెనక నిలిచిన నీళ్లే ఇవి. ఫ్యాక్టరీ 2011లో మూతపడింది, నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. చుట్టూ ఇసుకరాళ్లు పొరలు పొరలుగా గోపురాల్లా లేచి ఉంటాయి. వాటిని పగోడాలంటారు. గంగడీ అన్నది ఆ నేల మనుషులైన విరాడ్జురీల మాట. వాళ్ల పూర్వీకులు రాళ్ల మీద వేసిన బొమ్మలు అక్కడున్నాయి. వాటిని చూద్దాం, చెయ్యి మాత్రం వెయ్యొద్దు.

ఆగస్టులో నేనూ మా ఆవిడా వెళ్లి రెండు రాత్రులు ఉండి చూశాం. తెల్లారి లేచేసరికి టెంటు పైబట్ట మీద మంచు గడ్డకట్టి ఉంది, చేత్తో రుద్దితే ఉప్పులా రాలింది. టీ గ్లాసులు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాం. నీళ్ల మీద ఒక చిన్న గుండ్రటి అల కనిపించింది. దాని మధ్యలో గోధుమరంగు వీపు, చదునైన ముక్కు. బాతుముక్కున్న జంతువు, ప్లాటిపస్! ఊపిరి బిగబట్టి చూస్తుండగానే మునిగిపోయింది. రాత్రి ఇంకో ఊళ్లో పడుకుని పొద్దున కారేసుకుని వచ్చుంటే అది మాకు కనబడేది కాదు.

మకాం అక్కడే ఉంటే ఇంకో సుఖం ఉంది. కయాక్ పడవలు, ఆనకట్ట దాకా నడక, పగోడాల మీదికెక్కే దారి, అన్నీ టెంటు దగ్గర్నుంచే. మధ్యలో ఒకరోజు కార్లలో మడ్జీ ఊరు వెళ్లొస్తాం. ఆఖరిరోజు సిడ్నీకి తిరిగొచ్చేటప్పుడు కేపర్టీ లోయ చూడటానికి పియర్సన్స్ లుకౌట్ దగ్గర ఆగుతాం. ఓపిక లేనివాళ్లు ఎక్కడికీ రానక్కర్లేదు. అమ్మమ్మలూ తాతయ్యలూ చెట్టుకింద కుర్చీ వేసుకుని హాయిగా ఉండొచ్చు.

ఇప్పుడు లేనివి. షవర్ లేదు, కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. టాయిలెట్లున్నాయి కానీ ఫ్లష్ ఉండదు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. “అన్నా, షవర్ కూడా లేనిచోటికి పిల్లల్ని ఎలా తీసుకురమ్మంటావ్?” అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కారవాన్ పార్కులో షవర్ ఉంటుంది, కానీ ఈ నీళ్లకు రోజూ రానూపోనూ డ్రైవింగ్ తప్పదు. నాకు ఈ నీళ్ల పక్కన నిద్రలేవడమే ముఖ్యమనిపించింది. మీకు కాకపోవచ్చు. వద్దనుకుంటే చెప్పండి, కట్టిన అడ్వాన్స్ మొత్తం వెనక్కిస్తాను.

చలి గురించి కూడా చెప్పాలి. ఈస్టర్‌కి ఖమ్మం నుంచి వచ్చిన ఒక అమ్మగారు మా పల్చటి మ్యాట్ మీద రాత్రంతా వణికారు. ఆవిడ ఒక్కమాట అనలేదు, పొద్దున చేతులు చూస్తే నాకు తెలిసింది. ఆ మ్యాట్లన్నీ తీసేశాను. మందపాటివీ, మైనస్ 5 డిగ్రీలకు పనికొచ్చే స్లీపింగ్ బ్యాగులూ కొన్నాను. ట్రిప్ ఖర్చు మనిషికి 20 డాలర్లు పెరిగింది అందుకే.

ఇక మంట. అక్టోబరు 1 నుంచి మన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో కార్చిచ్చుల కాలం మొదలవుతుంది. 2019-20లో వొల్లెమైలో రేగిన గాస్పర్స్ మౌంటెన్ మంట 5 లక్షల హెక్టార్లకు పైగా కాల్చేసింది. కాబట్టి ఫైర్ బ్యాన్ (మంట వెయ్యకూడదన్న ప్రభుత్వ నిషేధం) ఉన్నరోజు కట్టెల మంట ఉండదు, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. పార్కు మూసేస్తే ట్రిప్ రద్దు, పూర్తి డబ్బు వాపస్.

ఎనిమిది కుటుంబాలకే చోటుంది. ఇంటికి రెండు పది లీటర్ల క్యాన్ల నిండా తాగేనీళ్లు తెచ్చుకోండి. పాసమ్‌లు అనే చిన్న జంతువులు తిండి కోసం వస్తాయి కాబట్టి రాత్రికి తిండి అంతా కార్లోనే పెట్టాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లు వస్తుంటే ముందే ఫోన్ చేసి చెప్పండి. వాళ్ల టెంటు టాయిలెట్లకు దగ్గర్లో, చదునైన నేల చూసి నేనే వేస్తాను.