చేతిరుమాలు మాత్రం అచ్చ తెలుగా?

ఎడిటర్ గారికి నమస్తే,

ఆదివారం మీ పేపర్ల భాషా స్వచ్ఛత మీద, అంటే తెలుగుల బయటి మాటలు కలవొద్దని, వచ్చిన వ్యాసం చదివి ఇది రాస్తున్న. నేను పేపర్లకు లెటర్లు రాసే మనిషిని కాదు, కానీ అదే వారం మా ఇంట్ల ఒక ముచ్చటయింది.

మా మనవరాలు ఆరో తరగతి. స్కూల్ల తెలుగు ఉపన్యాస పోటీ పెడితే "మా నాయనమ్మ" అని టాపిక్ తీసుకొని, "మా నాయనమ్మ దస్తీల పల్లీలు మూటగట్టుకొని బస్సెక్కుతది" అని మొదలుపెట్టింది, హాలంత నవ్విండ్రు (ఆ నాయనమ్మను నేనే, వెనక వరసల కూసున్న). అయిపోయినంక జడ్జిగా వచ్చిన సారు పిల్లను పిలిచి, దస్తీ అనొద్దమ్మా అది ఉర్దూ, స్వచ్ఛమైన తెలుగులో చేతిరుమాలు అనాలి అన్నడు. మార్కుల కాగితంల "భాషా స్వచ్ఛత" అని ఒక గడి, అండ్ల ఎర్రపెన్నుతోని పదికి నాలుగు. రుమాలు కూడ ఫార్సీనే సార్, దస్తీ ఎంతనో అది గూడ అంతే, అందామని నోటిదాక వచ్చింది, పిల్ల ముఖం చూసి ఊకున్న. స్వచ్ఛత సంస్కృతం, కాగితం ఫార్సీ, మార్కులు ఇంగ్లిష్, ఇగ అండ్ల తెలుగు ఏందంటే నాలుగు.

అచ్చ తెలుగు మీద నాకేం కోపం లేదు. పొన్నెగంటి తెలగన అని పాతకాలం కవి ఉన్నడు, తత్సమాలు (సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చిన మాటలు) తగలకుండ మొట్టమొదటి అచ్చ తెలుగు కావ్యం యయాతి చరిత్ర రాసిండు, అది ఆయన పంతం, మస్తు కష్టమైన పని. మరి అది ఎవరికి అంకితమిచ్చిండు? ఇబ్రహీం కుతుబ్ షా కాలంల మన పటాన్‌చెరు దొర అమీన్ ఖాన్‌కు. ఫార్సీ దర్బారు మాటయిన రాజ్యంల దొర అచ్చ తెలుగు కావ్యం అందుకున్నడు, మనం ఆరో తరగతి పిల్ల దస్తీ గుంజుకుంటున్నం.

మా నాయిన పద్యనాటకాలంటే పడిచచ్చేటోడు. హార్మోనియం శ్రుతి అందుకోంది కృష్ణుడు నోరు తెరిచేటోడు కాదు. గసొంటి పెట్టెను బయటిదని ఆలిండియా రేడియో 1940ల బంద్ పెట్టి 1971 దాక రానియ్యలే. గమకాలు (స్వరాన్ని ఊపుకుంట పలికించుడు) దాని మెట్ల మీద సరిగ్గ పలకవన్నది నిజమే, ఒప్పుకుంట, కానీ బయటిది అన్న మాటే వస్తే వయొలిన్ మాత్రం ఎక్కడిది, యూరప్ నుంచి వచ్చిందే గదా, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయిస్తుంటే కర్ణాటక సంగీతం మైలపడ్డదని ఎవరన్న లేచిపోయిండ్రా?

నాకు అసలు కష్టమయ్యేది ఈ మైల అన్న మాటతోనే. ఒక పార్టీవాళ్లు విగ్రహానికి దండేసి పోతరు, తెల్లారి ఇంకో పార్టీవాళ్లు బిందెలు తెచ్చి పాలతోని కడిగి శుద్ధి చేసినమని ఫొటోలు దిగుతరు. ఎవరి చెయ్యి తగిలితే ఏమంటింది? మా అవ్వ కాలంల బాయికాడ కూడ గిదే లెక్క, కొందరు చేదితే బాయి మైల, మళ్ల శుద్ధి. రాజ్యాంగం 17వ ఆర్టికల్ అంటరానితనాన్ని కొట్టేసి ఇన్నేండ్లాయె, మనోళ్లు మాత్రం బిందెలు దించుతలేరు. అదే నిన్నటిదాక కబ్జాకోరు అని వీళ్లే తిట్టిన మనిషి ఇవాళ పార్టీల చేరితే ఆయన్ను ఎవరు కడగరు, కండువా కప్పుడే స్నానం. గీళ్లే మళ్ల మైకులల్ల స్వచ్ఛ రాజకీయాలు అంటరు, ఎదుటోడు రాజీనామా చెయ్యాలె అంటరు, జిందాబాద్ కొట్టిస్తరు, ఆ రెండు మాటలు ఎక్కడినుంచొచ్చినయో ఆ జడ్జి సారును అడగాలె.

మొన్న ఊరికి పోదామని బయల్దేరి, బిడ్డా జర నా దస్తీ ఇయ్యి అన్న. తెచ్చి చేతిల పెట్టుకుంట పిల్ల ఏమన్నదో తెలుసా, "నాయనమ్మా, కర్చీఫ్ అను, ఎవరు నవ్వరు."

ఇట్లు,
ఒక నాయనమ్మ, చిక్కడపల్లి, హైదరాబాద్