ఫార్మాట్ కొట్టే ముందు పార్టిషన్ టేబుల్ చూడండి

సంపాదకులకు,

విశాఖ ద్వారకానగర్ చుట్టుపక్కల లినక్స్ నేర్పే శిక్షణ కేంద్రాలకు ఒక విన్నపం. పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం) సైజు మార్చడంతో పాటు, అది బెడిసికొడితే బాగుచేయడం కూడా నేర్పండి. డిస్కు మౌంట్ కాకపోతే (సిస్టమ్‌లో తెరుచుకోకపోతే) ‘డేటా పోయింది, ఫార్మాట్ కొట్టేద్దాం’ అనేవాళ్లున్నారు. చాలాసార్లు చెడేది పార్టిషన్ టేబుల్ (ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకున్న పట్టిక) ఒక్కటే. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

తంటా ఎక్కువగా పార్టిషన్‌ను తగ్గించేటప్పుడే. అందులోని ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4 అయితే అన్‌మౌంట్ చేసి, దాన్ని తనిఖీ చేసే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే మైనస్ ఎఫ్ నడిపి, ముందు సైజు మార్చే రీసైజ్2ఎఫ్‌ఎస్‌తో ఫైల్ సిస్టమ్‌ను, ఆ తర్వాతే పార్టిషన్‌ను తగ్గించాలి. పెంచేటప్పుడు ఈ వరస తిరగబడుతుంది. మరో ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను తగ్గించే ఆశ పెట్టుకోవద్దు.

అసలు గోతి కొలతల్లో ఉంది. రీసైజ్2ఎఫ్‌ఎస్‌కు 40జీ అంటే దాదాపు 4,295 కోట్ల బైట్లు. పార్టిషన్ హద్దులు మార్చే పార్టెడ్‌కు 40జీబీ అంటే 4,000 కోట్లే. రెండుచోట్లా ఒకే అంకె కొడితే ఫైల్ సిస్టమ్ తోక తెగినట్టే. పార్టెడ్‌లో జీఐబీ (రీసైజ్2ఎఫ్‌ఎస్ జీకి సమానమైన కొలత) అనే చెప్పాలి. పైగా పార్టెడ్‌లోని రీసైజ్‌పార్ట్ ఆదేశం అడిగేది సైజు కాదు, చివరి హద్దు: 10 జీఐబీ దగ్గర మొదలైన పార్టిషన్‌కు 40 కావాలంటే 50 ఇవ్వాలి. ఒక జీఐబీ వదులుగా 51 ఇచ్చి, చివర్లో సైజు చెప్పకుండా రీసైజ్2ఎఫ్‌ఎస్ ఇంకోసారి నడిపితే ఆ ఖాళీ కలిసిపోతుంది. పార్టెడ్ ఎంటర్ కొట్టగానే రాసేస్తుంది. టేబుల్ మార్చే మరో సాధనం ఎఫ్‌డిస్క్ నయం, డబ్ల్యూ నొక్కేదాకా ఆగుతుంది.

హద్దు తప్పితే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే ‘సూపర్‌బ్లాక్ గానీ పార్టిషన్ టేబుల్ గానీ చెడినట్టుంది, ఆపేయనా?’ అని అడుగుతుంది (సూపర్‌బ్లాక్ అంటే ఫైల్ సిస్టమ్ సైజు వగైరా రాసి ఉండే చోటు). అవుననండి. కాదని ముందుకెళ్తే బాగున్న ఫైల్ సిస్టమ్‌ను అదే కత్తిరించేయగలదు. పార్టిషన్ బయట పడ్డ ఆ చోట్లో ఇంకేదీ రాయకపోతే చివరి హద్దును పాతచోటికి జరిపితే చాలు. ఎఫ్‌డిస్క్‌లో పార్టిషన్ తొలగించి మళ్లీ పెడితే మొదటి సెక్టార్ (డిస్కును కొలిచే చిన్న ముక్క) అదే ఉండాలి: ఇప్పటి డిస్కుల్లో మొదటి పార్టిషన్‌కు మామూలుగా 2048, పాతవాటిలో 63. ‘సిగ్నేచర్ (ఫైల్ సిస్టమ్ గుర్తు) తీసేయనా?’ అంటే వద్దనాలి.

జీపీటీ అనే తరహా పార్టిషన్ టేబుల్ ఉన్న డిస్కు చివర ఆ టేబుల్ రెండో ప్రతి ఉంటుంది. సెక్టార్ 512 బైట్లయితే చివరి 33 సెక్టార్లు దానివే. మొదటి ప్రతి చెడితే జీపీటీని సరిచేసే జీడిస్క్‌లో ఆర్, బీ, సీ వరసగా నొక్కి, వీతో సరిచూసుకుని, డబ్ల్యూతో రాయాలి. క్లౌడ్‌లో డిస్కు పెంచినప్పుడు ఈ ప్రతి పాత చివరనే మిగిలిపోతుంది. పార్టెడ్ ‘ఫిక్స్/ఇగ్నోర్’ అడిగేది అందుకే. ఫిక్స్ అనండి, లేదా ఎస్‌జీడిస్క్ మైనస్ ఈ నడపండి.

ఏది మొదలుపెట్టినా ముందు ఎస్‌ఎఫ్‌డిస్క్ మైనస్ డీతో టేబుల్‌ను వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఉంచుకోవాలి. అది డేటాకు బ్యాకప్ కాదు. రీసైజ్2ఎఫ్‌ఎస్ బ్లాకులు జరుపుతుండగా కరెంటు పోతే ఆ ఫైలు ఏమీ చేయలేదు. తుపాను రోజుల్లో యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

– ఒక సిస్టమ్స్ ఇంజినీరు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం